గృహిణీ గోష్ఠి: కొండమీద ఇల్లు కొనువారికి



ఎండలు ముదిరినంతనే మన యిండ్లలో కొండల ప్రసంగము మొదలగును. ఊటీ, కూనూరు, కోడైకెనాలు, అరకు అను పేర్లు వినగానే మనస్సు చల్లబడును. నాలుగు దినములు పోయి తిరిగివచ్చిన వారిలో కొందఱు "అచ్చట మనకొక చిన్న యిల్లుండిన నెంత బాగుండును!" అని తలపోయుదురు. ఆ తలంపు తప్పు కాదు. కాని దానిని కనిపెట్టి, మనము రైలు దిగకమునుపే స్టేషనులో మనకొఱకు కాచియుండువారు కలరని మాత్రము మఱవరాదు.

గత మాసమున గుంటూరునుండి యొక సోదరి "కొండయూరిలో ఇల్లు కొనుటకు రియల్ ఎస్టేటు వారి జట్టుతో పని పెట్టుకొనుచున్నాము. ఏయే జాగ్రత్తలు వలయును?" అని వ్రాసినది. ఆమెకు సమాధానముగా మా బంధువర్గములోనే జరిగిన సంగతి నొకదానిని చెప్పెదను. ఈ సంగతిలో తెలివితక్కువ కొంత మాది, మాయ కొంత పరులది. రెండింటిని దాచను.

మా పెదతండ్రిగారి కుమార్తె, నాకు అక్క, నెల్లూరు జిల్లాలో ముప్పది యేండ్లు ఉపాధ్యాయినిగా పనిచేసెను. బావగారు గతించిన రెండేండ్లకు ఉద్యోగ విరమణ కాలము వచ్చినది. పూర్వమొకసారి వేసవి సెలవులలో ఆ దంపతులు కూనూరు పోయి వారము దినములుండిరి. "మన బాధ్యతలు తీఱిన తరువాత ఇచ్చటనే యుందము" అని బావగారు అప్పుడనిన మాట అక్క మనస్సున నాటుకొని పోయినది. చేతికి వచ్చిన ప్రావిడెంటు ఫండు సొమ్మును బ్యాంకులో వేసికొని, ఆ మాట చెల్లింప నిశ్చయించుకొనెను. ఒంటరిగా పంప మనసొప్పక నేనును తోడు పోయితిని.

కూనూరు నీలగిరులలో సుమారు 6000 అడుగుల యెత్తుననున్న పట్టణము. మేట్టుపాళయమునుండి కొండ నెక్కు చిన్న రైలు 1899లో కూనూరు వఱకును, 1908లో ఊటీ వఱకును వచ్చినది. మేమా రైలులోనే వెళ్లితిమి. స్టేషనులో దిగునప్పటికి ఒక సంస్థవారి కారు సిద్ధముగా నుండెను. నెల దినములుగా అక్క ఫోనుకు ఫొటోలు పంపుచున్న యమ్మాయి ఎదురువచ్చినది. కారులో త్రిప్పి చూపుటకు ఒక యువకుడు, దస్తావేజులు చూచుటకు ఒక వకీలు, ఇల్లు కట్టుటకు ఒక ఇంజనీరు, బ్యాంకు అప్పు కుదుర్చుటకు మఱియొకడు. అంతా ఐదుగురు. ఎంత మర్యాద! మెట్లు దిగునప్పుడు అక్కకు చేయి యందించిరి. ఆమె చక్కెర లేని కాఫీ త్రాగునని మొదటి పూటనే తెలిసికొని, మఱునాడు అడుగకుండనే అట్టి కాఫీ తెప్పించిరి. ఆ రాత్రి అక్క నాతో "చూచితివా చెల్లీ, ఐదుగురు నాకొఱకు పనిచేయుచున్నారు" అనెను. నాకును అట్లే తోచెను.

వారు చూపినది ఒక తేయాకు తోట వాలు. అచ్చట పది చిన్న యిండ్లు లేచునట. తొమ్మిది అమ్ముడు పోయినవట. మిగిలినదానికి మఱునాడే బెంగుళూరునుండి బేరము వచ్చుచున్నదట. ఎదుట లోయ, లోయలో మంచు, ఆవల నీలముగా కొండలు. అది చూచినవారికి హద్దురాళ్లు చూడవలెనని ఏల తోచును? అక్క రెండు లక్షల రూపాయలు బయానాగా నిచ్చినది. సంస్థ పేరు అచ్చువేసిన కాగితముమీద రసీదు వ్రాసి యిచ్చిరి. దాని వెనుకనున్న చిన్న అక్షరములను మేమిద్దఱము చదువలేదు. ముప్పది యేండ్లు పిల్లలకు "ప్రశ్నపత్రము నిరుప్రక్కల చదువుడు" అని చెప్పిన అక్కయు చదువలేదు.

మేము బస చేసిన చోట వంటచేయు ముదుసలి యొకతె ఆ రాత్రి సంగతి విని, తమిళములో ఒక్కమాట అడిగెను: "అమ్మా, ఆ వాలుకు దారి యేది?" మాకు సమాధానము తెలియలేదు. మఱునాడు ఎవరికిని చెప్పకుండ నడిచి వెళ్లి చూచితిమి. కారు వెళ్లిన బాట వేఱొకరి తోటగుండా పోవుచున్నది. ఆ తోట మేస్త్రీ "మా యజమాని గేటు వేసిన నాడు ఈ బాట లేదు" అని నిష్కర్షగా చెప్పెను.

అప్పుడు మేము చేసిన పని మొదటి దినముననే చేయవలసినది. జట్టుతో సంబంధము లేని వకీలు నొకరిని వెదకి, ఫీజు మేమే యిచ్చి, కాగితము లన్నియు చూడుమని కోరితిమి. వారము దినములలో ఆయన చెప్పినది ఇది. ఆ భూమి ఒక వృద్ధురాలి పేర నున్నది. సంస్థవారికి ఆమె వ్రాసి యిచ్చిన అధికారపత్రము, అనగా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తప్ప మఱేమియు లేదు. ఆ వృద్ధురాలు మరణించి సంవత్సరమైనది. అట్టి అధికారపత్రము వ్రాసి యిచ్చినవారు గతించినచో సామాన్యముగా దాని యధికారమును వారితోనే గతించును. ఆమెకు ఇద్దఱు కుమారులు, ఒక కుమార్తె. కుమారులు సంస్థవారితో మాటలాడుకొనిరి. మేట్టుపాళయములో నున్న కుమార్తెకు ఈ యమ్మకపు సంగతియే తెలియదు. హిందువులైన ఆ కుటుంబమునకు 1956 నాటి వారసత్వ చట్టము వర్తించును. తల్లి వీలునామా వ్రాయక గతించెను గావున కుమార్తెకు కుమారులతో సమానభాగము కలదు.

ఇది విని అక్క చాలసేపు మాటలాడలేదు. తన సొమ్ము పోవునను భయముకంటె వేఱొకటి ఆమెను బాధించినదని నేనెఱుగుదును. మా పెదతండ్రిగారి యింటి పంపకములో అక్కచేత అన్నదమ్ములు ఒక కాగితముమీద సంతకము చేయించుకొనిరి. అది యేమి కాగితమో ఆమె చాలకాలమునకు గాని తెలిసికొనలేదు. "నేను కట్టుకొనబోయిన యిల్లు ఇంకొక ఆడుబిడ్డ భాగముమీదనా?" అని మాత్రమే అనెను. బయానాలో సగము ఏడు మాసములకు తిరిగి వచ్చినది. మిగిలిన సగము రసీదు వెనుకనున్న చిన్న అక్షరములలో కలిసిపోయినది.

ఇంతకును ఆ జట్టులోని వకీలు "దస్తావేజులు సరిగా నున్నవి" అని మాతో చెప్పియుండెను. అది పచ్చి యబద్ధమని నేననజాలను. ఆయన మాకు చూపిన కాగితములు సరియైనవే. చూపని కాగితములను గుఱించి మేమడుగలేదు, ఆయన చెప్పలేదు. నేను నేర్చుకొన్న పాఠమంతయు ఇందులోనే కలదు. జట్టులో ఎందఱున్నను, అమ్మకము జరిగిననే వారికి ప్రతిఫలము ముట్టును, జరుగకున్న లేదు. ఇది పాపము కాదు, వారి వృత్తిధర్మము. దుకాణదారుడు తన సరుకును పొగడుటలో వింత లేదు. కాని "ఈ బేరము మానుకొనుడు" అని చెప్పినను కూలి దక్కువారు మనప్రక్క ఇద్దఱైన నుండవలయును. వారు మనము స్వయముగా కుదుర్చుకొని, స్వయముగా రుసుము చెల్లించు వకీలు, సర్వేయరు. వీరికిచ్చు సొమ్ము దండుగ యని తోచును. అది యింటికి పునాదిరాయి యని యెంచుడు.

ఇక ఆ సోదరి అడిగిన జాగ్రత్తలను వరుసగా చెప్పెదను.

మొదటిది జట్టును గుఱించినది. 2016లో వచ్చిన రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టమును అందఱును "రెరా" యని పిలుచుచున్నారు. అమ్మకమునకై విభజించు స్థలము 500 చదరపు మీటర్లకు మించినను, కట్టు భాగములు ఎనిమిదింటికి మించినను, ఆ పథకమును రాష్ట్రాధికారులవద్ద నమోదు చేయింపవలయును. అట్టి పథకములలో అమ్మకము కుదుర్చు మధ్యవర్తియు నమోదై, సంఖ్య పొందవలయును. ఆ సంఖ్యను అడిగి, అధికారుల జాబితాలో సరిచూచుకొనుడు. రిజిస్టరైన ఒడంబడిక లేకుండ ధరలో పదవవంతుకు మించి ముందుగా తీసికొనుటకు కట్టువారికి హక్కు లేదు. అప్పగించిన ఐదేండ్లలోపల కట్టడములో లోపము బయటపడినచో వేఱుగా సొమ్మడుగక బాగుచేయవలయును. కాని ఒకరు నివసించిన పాత యిల్లు మఱియొకరు కొనునప్పుడు ఈ చట్టపు రక్షణ లేదు. అచ్చట మన జాగ్రత్తయే మనకు రక్ష. మధ్యవర్తికి ఈయవలసినదెంత, ఎప్పుడు, ఎవరు ఈయవలయునను విషయములను మొదటనే కాగితముమీద వ్రాయించుకొనుట మేలు.

రెండవది కాగితములు. మూల దస్తావేజునుండి నేటివఱకు భూమి చేతులు మాఱిన ప్రతి దస్తావేజును చూడవలయును. ముప్పది యేండ్లకు తగ్గకుండ ఈ.సీ. తీయింపవలయును; తమిళదేశమున దీనిని విల్లంగం సర్టిఫికెట్టు అందురు. పట్టా యెవరి పేర నున్నది, యజమాని గతించినచో వారసు లెవ్వరు, వారిలో ఆడుబిడ్డలెందఱు, అందఱును సంతకము చేయుదురా యని అడుగుడు. కేవలము అధికారపత్రముమీద జరిగిన అమ్మకము వలన భూమిపై హక్కు సంక్రమింపదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా తీర్పు చెప్పియున్నది. దారి హక్కు దస్తావేజులో వ్రాసియుండవలయును. నోటిమాటతో నున్న దారి నోటిమాటతోనే పోవును.

మూడవది కొండకు ప్రత్యేకమైన చట్టములు. మైదానపు మనకు ఇవి తెలియవు. తెలిసిన జట్టువారు చెప్పరు. 1993 నాటి నియమముల ప్రకారము నీలగిరి పట్టణములలో ఇల్లు 7 మీటర్ల యెత్తుకు మించరాదు. కావున "తరువాత మూడంతస్తులు వేసికొనవచ్చును" అను మాట నమ్మదగినది కాదు. 1949 నాటి ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టము క్రిందికి వచ్చు భూమిని అనుమతి లేక అమ్మరాదు, చెట్లు కొట్టరాదు. సేద్యపు భూమిని ఇంటిస్థలముగా మార్చుటకు 1990లో ఏర్పడిన కొండప్రాంత సంరక్షణాధికారుల సమ్మతి వలసిన గ్రామములు కలవు. గూడలూరు ప్రాంతమున జన్మభూములను 1969 నాటి చట్టము రద్దుచేసినను, వానిలో చాలభాగమునకు పట్టా తగవు తీఱక పోయినది. మసినగుడి చెంత ఏనుగులు నడచు మార్గముగా 2010లో తమిళనాడు ప్రభుత్వము ప్రకటించిన దానిని సుప్రీంకోర్టు 2020లో స్థిరపఱచినది. ఆ మార్గములో విడిదిగృహములు కట్టుకొనినవారి పాట్లు పత్రికలలో చదివియే యుందురు.

మన అరకును గుఱించి యొకమాట. విశాఖ మన్యములోని షెడ్యూలు ప్రాంతములో గిరిజనేతరులు భూమి కొనుట చెల్లదు. 1959 నాటి మొదటి రెగ్యులేషనును 1970లో సవరించినప్పటినుండి ఒక గిరిజనేతరుడు వేఱొక గిరిజనేతరునికి అమ్మినను ఆ యమ్మకము చెల్లదు. కావున "అరకులో చౌకగా స్థలము కలదు" అని ఏ జట్టు వచ్చినను, గిరిజనేతరులైన మనము వినవలసిన పనియే లేదు. హిమాచల ప్రదేశములోను అచ్చటి వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వానుమతి లేక భూమి కొనరాదు. కొండల భూమి కొండవారి చేతినుండి జాఱిపోకుండ ఈ కట్టడి చేసిరి. నీలగిరులలో ఆ జాఱుట యెప్పుడో మొదలైనది. 1819లో కొండ నెక్కిన కలెక్టరు జాన్ సల్లివన్ తోడాల వద్ద ఎకరము రూపాయి చొప్పున భూమి కొనెనని చరిత్రకారులు వ్రాయుదురు. ఆయన ఊటీలో కట్టించిన రాతియిల్లు నేటికిని కలదు. ఆ రూపాయిని తలచుకొన్నచో, కొండమీద భూమి కొనువారికి చట్టముతోపాటు మనస్సాక్షియు నెందుకు వలయునో తెలియును.

నాలుగవది వాన. జట్టువారు ఏప్రిలు మే నెలలలో స్థలము చూపుదురు. అప్పుడు కొండ పెండ్లికూతురువలె నుండును. కూనూరు, కోటగిరి ప్రాంతములకు ముఖ్యమైన వాన అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును. 2009 నవంబరులో నీలగిరులలో కొండచరియలు విఱిగిపడి నలుబదిమందికి పైగా మరణించిరి. కావున వానకాలమున ఒకసారి చూడని యింటిని కొనకుడు. గోడ చెమ్మగిల్లునా, ఇంటి వెనుక మట్టిగట్టుకు రాతికట్టు కలదా, దానిలోనుండి నీరు పోవుటకు కంతలున్నవా, పైనున్న యింటివారి మురుగు ఎచ్చటికి దిగుచున్నది, ఇవన్నియు వానయే చూపును. వేసవిలో కుళాయినీరు ఎన్ని దినముల కొకసారి వచ్చునో ప్రక్కయింటి యిల్లాలిని అడుగుడు. ఆమెకు మించిన ఇంజనీరు లేదు.

ఐదవది సొమ్ము. 2015 జూను 1 నుండి స్థిరాస్తి బేరములో 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట చట్టవిరుద్ధము. బయానాయైనను బ్యాంకు ద్వారానే యిచ్చి, ఏ కారణమున బేరము తప్పిన సొమ్ము తిరిగి వచ్చునో ముందుగా వ్రాయించుకొనవలయును. తమిళనాడులో స్టాంపు సుంకము నూటికి 7 వంతులు, రిజిస్ట్రేషను రుసుము 2 వంతులు. పది లక్షల లోపు ఆస్తిని స్త్రీ పేర వ్రాయించినచో 2025 ఏప్రిలు 1 నుండి రుసుములో ఒకవంతు తగ్గించిరి. ఈ వ్యయమును ముందే లెక్కలో వేసికొనకున్న కడపట అప్పు చేయవలసి వచ్చును.

ఇన్ని చెప్పినందున మధ్యవర్తులందఱును మోసగాండ్రని యనుకొనకుడు. మా అక్క కథకు ఉత్తరభాగము కలదు. బయానా పోగొట్టుకొనిన తరువాత ఆమె కొనుటమాట మాని, కూనూరు పట్టణములోనే రెండు గదుల యిల్లు పదునొకండు మాసములకు అద్దెకు తీసికొనెను. ఆ యిల్లు కుదిర్చినవాడు వయసు మళ్లిన బ్రోకరు. జట్టు లేదు, కారు లేదు. గొడుగు మాత్రము కలదు. ఆయన అద్దెయిల్లు చూపునప్పుడే "అమ్మా, ఈ గోడ నవంబరులో చెమర్చును. కుళాయి వారమునకు రెండుసారులే. మీ మోకాళ్లకు ఈ మెట్లు కష్టము కావచ్చును. ఆలోచించుకొనుడు" అని అడుగకుండనే చెప్పెను. అక్క నాకు వ్రాసిన యుత్తరములో ఆ మాటల క్రింద గీత గీసినది. మన సరుకులోని లోపమును మనకంటె ముందుగా చెప్పువాడే నమ్మదగినవాడని ఆమె తీర్మానము.

ఆమె ఒక పూర్తి వానకాలము అచ్చట గడపెను. చలికి అలవాటుపడెను. ఏ వీధిలో ఎండ వచ్చును, ఏ వైద్యుడు రాత్రి పిలిచిన పలుకును, ఏ మలుపువద్ద రోడ్డు బీటలు వాఱును, అన్నియు తెలిసికొనెను. మఱుసటి యేడు ఆ బ్రోకరే బజారుకు దగ్గఱగా ఒక చిన్న పెంకుటిల్లు చూపెను. లోయ కనబడదు. మంచు కనబడవలెనన్న నాలుగడుగులు నడువవలయును. కాని పట్టా సరిగా నున్నది, దారి మునిసిపాలిటీవారిది, నీరు వచ్చును. మా వకీలుగారు నెల దినములు పరీక్షించి సరే యనిరి.

రిజిస్ట్రేషను దినమున నేనును పోయితిని. అమ్మువారు గతించిన యొక యజమాని పిల్లలు, ఇద్దఱు కుమారులు, ఇద్దఱు కుమార్తెలు. కుమారులు కలము తీసికొనబోవుచుండగా అక్క చేయి చాపి ఆపి, "మొదట మీ అప్పచెల్లెండ్రు చేయుదురు గాక. దస్తావేజు వారికి చదివి వినిపించిన పిమ్మటనే" అనెను. దస్తావేజు లేఖరి ఒకింత విసుగుకొనెను గాని తమిళములో ఆసాంతము చదివెను. పెద్దకుమార్తె తన భాగమునకు ఎంత సొమ్ము వచ్చునో అప్పుడే మొదటిసారి వినినట్లు ఆమె ముఖమే చెప్పెను. ఆమె నిదానముగా, ఒక్కొక్క అక్షరము దిద్దినట్లు సంతకము చేసెను.

సోదరీ, గుంటూరునుండి వ్రాసిన నీకును, నీవంటి వారికిని నా మాట ఇంతే. చల్లని గాలి ఒక్కపూటలో మనస్సును దోచును. దస్తావేజు చదువుటకు నెల పట్టును. ఆ నెల దినములు ఓర్చుకొనలేనివారు కొండమీద ఇల్లు కొనకుండుటయే మేలు. ఓర్చుకొనినవారికి మంచి యిల్లును, మంచి బ్రోకరును తప్పక దొరకుదురు. వచ్చు వేసవికి మా అక్క మమ్ములనందఱిని రమ్మని వ్రాసినది. వరండాలో నలుగురు కూర్చుండుటకే చోటున్నదట; మిగిలినవారు మెట్లమీద కూర్చుండవలయునట.